ఈ ఒక్కసారికి

మామగారు మూడో పూట కూడా భోజనానికి రాలేదు.

అత్తగారు కంచం మీద మూత పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచి కాసేపు నిలబడింది. పిలవడం అయిపోయింది. తలుపు తట్టడం అయిపోయింది. ఇక మిగిలింది కోడలి వైపు చూడటమే. ఆ పని మాత్రం ఆవిడ చెయ్యలేదు. చూడకపోవడమే కోడలికి ఎక్కువ గుచ్చుకుంది.

నిన్న పొద్దున తాను నోరు తెరవకపోతే ఈ ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినేవాళ్ళు. పోనీ నోరు తెరిచింది సరే, కూర్చోబెట్టి మెల్లగా చెప్పొచ్చు కదా. వరండాలో నిలబెట్టి, ప్రూఫు కాగితాలు ఓ చేత్తో, నోటు పుస్తకం ఓ చేత్తో పట్టుకుని, "మామయ్యగారూ, ఈ వాక్యం తాతగారిది కాదండీ" అనేసింది. ఆయన పుస్తకం అందుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని ఒక్క పేజీ చూశాడు. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అంతే.

తాతగారంటే మామగారి తండ్రి. ఈ ఇంటికి పెద్దాయన, దేశానికి జాతిగురువు. నూరేళ్ళ కిందట ఓడెక్కి, పడమటి దేశంలో జరిగిన మతాల మహాసభలో మాట్లాడి వచ్చిన మనిషి. ఆయన వెళ్ళేనాటికి ఈ దేశం పరాయి పాలనలో ఉంది. తిరిగొచ్చాక ఆయన ఉపన్యాసంలోని ఒక వాక్యాన్ని జనం జెండాలా పట్టుకుని రోడ్ల మీదికి వచ్చారు. "నేల ఒక్కటి, ధర్మం ఒక్కటి." ఇప్పుడది కచేరీ గుమ్మం మీద చెక్కి ఉంది. బళ్ళలో పొద్దున్నే పిల్లలు చేతులు కట్టుకుని చెబుతారు. కోడలు కూడా ఆడపిల్లల హైస్కూల్లో పాఠం మొదలుపెట్టే ముందు రోజూ చెప్పించే వాక్యమే అది.

ఆమె అక్కడ పడమటి భాష చెబుతుంది. అందుకే మామగారు పెద్దాయన పెట్టె తాళం ఆమె చేతిలో పెట్టి, "ఉపన్యాసం నూరేళ్ళ ముద్రణ నువ్వే చూడు అమ్మాయ్, పరాయివాళ్ళ చేతిలో పెట్టకు" అన్నాడు. ఆ పెట్టె అడుగున దొరికింది నోటు పుస్తకం. ఎడమ పేజీల్లో పెద్దాయన మన భాషలో రాసుకున్న చిత్తుప్రతి. కుడి పేజీల్లో, ఆయన బస చేసిన ఇంటి దొరసాని తన భాషలోకి మార్చి రాసిన ప్రతి. సభలో ఆయన చదివింది కుడి పేజీలు. తర్వాత ఇక్కడి పత్రికలవాళ్ళు మన భాషలోకి తిప్పుకున్నదీ ఆ కుడి పేజీలనే. ఎడమ పేజీలు ఎవరూ చూడలేదు.

ఎడమ పేజీలో ఉన్నది ఇది: "నేల ఒక్కటి, ధర్మాలెన్నో."

కుడి పేజీలో "ఎన్నో" లేదు. "ఒక్కటి" ఉంది. పక్కన అంచులో దొరసాని చిన్న అక్షరాల్లో రాసింది. "ఒక పేరు, ఒక గ్రంథం లేని మతాన్ని ఇక్కడివాళ్ళు మతమనుకోరు. గుంపు అనుకుంటారు. ఒక్కటని చెప్పండి." దాని కింద పెద్దాయన చేతి రాత. "సరే. ఈ ఒక్కసారికి."

*

భర్త పన్నెండున్నరకి భోజనానికి వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కుని, తండ్రి గది తలుపు వైపు ఒకసారి చూసి కంచం ముందు కూర్చున్నాడు. మునిసిపాలిటీలో సర్వేయరు. మనిషి కొలిచినట్టు మాట్లాడతాడు, అదీ అడిగితేనే.

అతను సగం తిన్నాక ఆమె ఆగలేక అడిగింది. "పడవల వీధి కాగితాలు పైకి పంపారా?"

"లేదు."

"పంపుతారా?"

"కొలవమన్నారు, కొలిచాను. కొలిస్తే కూలిపోదుగా."

"కాగితం పైకి వెళ్తే కూలుతుంది."

అతను మజ్జిగ పోసుకున్నాడు. నది ఒడ్డున పడవలవాళ్ళ ప్రార్థన కొట్టం ఉంది. వాళ్ళకి గ్రంథం లేదు, పాటలున్నాయి. తాత నోట మనవడు నేర్చుకున్న పాటలు. మొన్న వచ్చిన కొత్త నిబంధన ప్రకారం గ్రంథం ఉన్నదే ధర్మం, ధర్మానికి చెందినదే ప్రార్థనా స్థలం. మిగిలినవన్నీ నదిగట్టు మీది పాకలే. పాకలు తీసేసి అక్కడ జాతిగురువు స్మారకంగా మెట్లు కడతారట. రేపు పది గంటలకి విచారణ. విచారణలో మునిసిపాలిటీ వాదన అంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. ధర్మం ఒక్కటే అని జాతిగురువే చెప్పాక రెండోదెక్కడిది?

"కాగితంలో 'గ్రంథం పేరు' అని ఒక గడి ఉంది" అన్నాడతను ఉన్నట్టుండి. "ఏం రాయాలో తెలియక ఖాళీగా ఉంచాను. వారం నుంచి నా దగ్గరే ఉంది. పై అధికారి రోజుకి రెండుసార్లు అడుగుతున్నాడు."

"మామయ్యగారితో చెప్పారా?"

"ఆయన తలుపు తీస్తేగా." చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నాన్నగారు ఒక మాటంటే నాకో దారి దొరుకుతుంది. ఆయనేం అనకుండా నేను ముందు అడుగెలా వేస్తాను?" అన్నాడు. జవాబు కోసం చూడకుండా సైకిలెక్కాడు.

అతను అటు వెళ్ళగానే ఇటు చిన్నమామగారు వచ్చాడు. మామగారి తమ్ముడు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎంతమందికి తెలుసో గాని, మైకు మామ అంటే పసిపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు. ఇంట్లో నలుగురున్నా నాలుగు వేలమంది ఉన్నట్టే మాట్లాడతాడు. ఈ రోజు మాత్రం గొంతు తగ్గించుకుని వచ్చాడు. అదే కోడలికి భయం వేసింది.

"వదినా, అన్నయ్య ఇంకా అలకపాన్పు దిగలేదా?" అన్నాడు. అత్తగారు నవ్వలేదు. ఆయన కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చున్నాడు.

చాలాసేపు మంచిగానే చెప్పాడు. చిత్తుప్రతి చిత్తుప్రతే, సభలో చదివిందే అసలుది అన్నాడు. పెద్దాయన బతికుండగా ఏనాడైనా కాదన్నాడా అని అడిగాడు. దొరసాని దిద్దిందని తెలిస్తే మనకి స్వాతంత్ర్యం రావడం గిట్టనివాళ్ళు పళ్ళికిలిస్తారన్నాడు. నాలుగింటికి శతవార్షిక సంఘం కార్యదర్శి వస్తున్నాడని, అచ్చు ప్రతి చేతిరాతకి సరిపోయిందని అన్నయ్య సంతకం పెట్టిన కాగితం, నోటు పుస్తకం రెండూ అతనికివ్వాలని, పుస్తకం అద్దాల పెట్టెలో మూసే ఉంటుందని, ఎవరూ తిప్పి చూడరని చెప్పాడు.

"ఇల్లు కట్టి, గృహస్థులై, పిల్లాపాపలతో కాపురముంటున్నాక పునాది తవ్వి చూసుకుంటారా ఎవరైనా?"

"పునాది కింద మనుషులుంటే తవ్వాలి కదండీ" అంది కోడలు.

ఆయన మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నాకు ఏడేళ్ళప్పుడు" అన్నాడు, "పరాయివాళ్ళ బళ్ళో చదివేవాణ్ణి. అన్నం ముందు అలవాటుకొద్దీ మన ప్రార్థన చేసుకున్నాను. మేష్టరు చూశాడు. పూటంతా ఇసుకలో మోకాళ్ళ మీద నిలబెట్టాడు. నీది మతం కాదురా, చీకటి అన్నాడు. ఇంటికొచ్చి నాన్నకి చెబితే ఆయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏం మాట్లాడలేదు. మర్నాడు ఊరంతా ఆ వాక్యం అరుచుకుంటూ బడి ముందు నుంచి ఊరేగింపు వెళ్ళింది. మేష్టరు కిటికీ మూసుకున్నాడు. ఆ రోజు లేచి నిలబడ్డానమ్మా నేను. ఇప్పుడు నువ్వొచ్చి, నిలబడ్డ నేల నీది కాదంటే ఎక్కడికి పోను?"

అబద్ధం చెప్పే మనిషైతే ఎదిరించడం తేలిక. ఈయన నిజమే చెబుతున్నాడు.

*

మూడింటికి గడియ తీసిన చప్పుడైంది. "అమ్మాయ్" అని పిలుపు వినిపించింది.

గదిలో ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు. బట్టలు నలగకుండా, గడ్డం మాయకుండా ఉండే మనిషి. రెండు రోజుల తెల్లగడ్డంతో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది. కూర్చోమని సైగ చేశాడు.

"నలభై ఏళ్ళు ఏటేటా వేదిక మీద ఈ ఉపన్యాసం చదివాను. ఒక్కసారి కూడా పెట్టె తీసి చూడాలనిపించలేదు. ఎందుకో తెలుసా? చూస్తే ఏదో ఉంటుందని తెలుసు."

"తెలుసా అండీ?"

"మా నాన్న ఆ వాక్యాన్ని తన నోటితో చెప్పగా నేను వినలేదు. జనం చెప్పేవారు. ఆయన దగ్గేవాడు."

తర్వాత ఆయన చెప్పుకుంటూ పోయాడు. పెద్దాయన నిజానికి ఓడరేవు ఆఫీసులో గుమాస్తా. పరాయి బళ్ళో చదువుకుని, మన దేవుళ్ళని, మన పాటలని చూసి సిగ్గుపడ్డ కుర్రాడు. ఇంట్లో తల్లి పాడుకుంటుంటే కిటికీ మూసేవాడట. ఓడ సరుకు వెంట పడమటి దేశం వెళ్ళి, మంచు వల్ల ఓడ ఆగిపోతే దొరసాని ఇంట్లో గది తీసుకున్నాడు. ఆవిడ తూర్పు మతాలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆవిడ అలమరలో మన గ్రంథం ఉంది, వాళ్ళ భాషలో. దాన్ని ఆయన జీవితంలో మొదటిసారి చదివింది అక్కడే. చదివి, తల్లి పాట గుర్తొచ్చి ఏడ్చాడట.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఎవరో పొరుగూరి వైద్యుడొచ్చి ఆకు నలిపి వాసన చూసి ఆహా అంటే తప్ప మనకి నమ్మకం కుదరదు. మా నాన్నకి కుదిరింది. తప్పా అది? ఆ నమ్మకం లేకపోతే వీడు", మధ్యలో ఎక్కడికో వెళ్ళొచ్చి బయటి గదిలో కూర్చున్న తమ్ముడి వైపు తలూపాడు, "ఇంకా ఇసుకలో మోకాళ్ళ మీదే ఉండేవాడు. కాకపోతే ఆ వైద్యుడు మెచ్చిన కొమ్మొక్కటే చెట్టనుకున్నాం. మిగిలిన కొమ్మలు మనమే నరుక్కుంటున్నాం."

"అయితే తప్పు దొరసానిదేనా?"

"అలా అనకు." ఆయన గొంతు మారింది. "ఆవిడ తర్వాత ఇక్కడికే వచ్చేసింది. మన స్వాతంత్ర్యం కోసం తనవాళ్ళ జైల్లోనే ఏడాది ఉంది. మన పెరటి గదిలో పోయింది. నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆవిడే. మన మీద ప్రేమే ఆవిడకి. అయితే ఆవిడ ప్రేమించిన మనం వేరు, ఉన్న మనం వేరు. ఆవిడకి నచ్చినట్టు ఉందామని మా నాన్న ఒక్క మాట మార్చుకున్నాడు. ఈ ఒక్కసారికే అనుకున్నాడు. తిరిగొచ్చేసరికి రేవులో వేలమంది అదే మాట అరుస్తూ నిలబడి ఉన్నారు. అప్పుడేం చెబుతాడు, మీరు తప్పు చదువుతున్నారని చెబుతాడా?"

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"చెప్పారు" అంది ఆవిడ. "నాకు చెప్పారు."

ఇద్దరూ అటు తిరిగారు.

పెద్దాయన చివరి మూడు నెలలూ ఆయన్ని చూసుకున్నది ఈవిడే. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సాయంత్రం గాలికి తిప్పుకొచ్చేది. గాలికి కాదట. పడవల వీధికట. కొట్టంలో వెనక గోడ పక్కన కుర్చీ పెట్టించుకుని వాళ్ళ పాటలు వినేవాడట. మా అమ్మ పాడిందీ ఇదే అని ఓ రోజు అన్నాడట. ఇంకోరోజు, నేను ఒక్క మాట వదులుకుని ఊరందరి మన్నన తెచ్చుకున్నానమ్మా, ఆ వదులుకున్న మాట వీళ్ళదే అన్నాడట.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మామగారు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఎవరితో అనొద్దన్నారు. పైగా నన్నెవరు అడిగారు? చదువురాని దాన్ని. గురువుగారి గురించి మీ ఇద్దరు అన్నదమ్ములూ సభల్లో మాట్లాడుతుంటే వెనక కూర్చుని వినేదాన్ని."

ఆయన గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు తాగి, గడ్డం తడుముకుని, "క్షవరం చేసుకుంటాను" అన్నాడు.

*

నాలుగింటికి కార్యదర్శి వచ్చేసరికి మామగారు ఉతికిన బట్టల్లో వరండాలో కూర్చుని ఉన్నాడు. కార్యదర్శి వినయం ఒలికే మనిషి. టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టి, సంతకం ఎక్కడో వేలితో చూపించి, కలం మూత తీసి అందించాడు.

మామగారు కాగితం రెండుసార్లు చదివాడు. పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు కలం పట్టుకుని ఒక పదం దగ్గర ఆగాడు. చిన్నమామగారి ఊపిరి అందరికీ వినిపిస్తోంది.

"'సరిపోయినది' అని ఉంది" అన్నాడు మామగారు. "ఏ పేజీకి?"

కార్యదర్శికి అర్థం కాలేదు. చిన్నమామగారికి అయింది.

"అన్నయ్యా, వద్దు" అన్నాడు. "ఇంత చేసి, ఇప్పుడు వద్దు."

"ఒరేయ్, నేను నీ వాక్యం లాక్కోవట్లేదు. నువ్వు లేచి నిలబడ్డది నిజం. కాని మనం నిలబడ్డాక ఇంకెవరినో ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోబెడుతున్నాం."

మామగారు కలం మూత పెట్టి కార్యదర్శికి తిరిగిచ్చాడు. రేపు విచారణకి తానే వస్తానని, పుస్తకం తన చేత్తోనే తెస్తానని, సంతకం సంగతి అక్కడ చూద్దామని మర్యాదగా చెప్పాడు. కార్యదర్శి ఇంకేదో అనబోయి, ఆయన లేచి నిలబడటం చూసి తానూ లేచాడు.

చిన్నమామగారు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "రేపు నువ్వు ఎడమ పేజీ చదివితే, నేనూ అక్కడే ఉంటాను. ఎదురుగా ఉంటాను" అన్నాడు. మైకు లేకుండా, మెల్లగా అన్నాడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని దిగాడు. ఎప్పుడూ పట్టుకోని మనిషి.

మామగారు భార్య వైపు చూశాడు. "మా నాన్నని తీసుకెళ్ళిన చోటికి నన్నూ తీసుకెళ్తావా?"

"రానిస్తారో లేదో" అంది ఆవిడ, అప్పటికే చెప్పులు వేసుకుంటూ.

*

పడవల వీధి ఊరి చివర కాదు, ఊరి వెనక. పెద్దరోడ్డు నుంచి పదే నిమిషాలు. అయినా కోడలు ఆ వీధిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఇళ్ళ ముందు పడవలకి తారు పూస్తూ, వలల ముడులు విప్పుతూ, చేతులు ఆపకుండా మనుషులు వీళ్ళని చూశారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు. పెద్దరోడ్డు మీద మామగారు నడుస్తుంటే దుకాణాల్లోవాళ్ళు లేచి నిలబడతారు. ఇక్కడ ఆయన ఎవరో తెలియక కాదు. తెలిసే.

కొట్టం పొడవాటి పాక. తలుపు లేదు. గోడకి నాలుగు మూలలా, నేల మీదా ఎర్ర సున్నంతో గుర్తులున్నాయి. కోడలు వాటిని చూసి తల దించుకుంది. అవి ఆమె భర్త పెట్టిన కొలత గుర్తులు.

గుమ్మంలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. విరిగిన తెడ్డు చేతికర్రగా చేసుకుని తిరుగుతాడని తెడ్డు తాత అంటారు. పాటలన్నీ వచ్చిన చివరి మనిషి ఆయనే. అత్తగారిని గుర్తుపట్టి తలూపాడు. మామగారిని చూసి మాత్రం పక్కకి జరగలేదు.

"మీ అబ్బాయి కొలిచి వెళ్ళాడు మేష్టారూ. ఇంకా ఏమైనా మిగిలిందా?"

"కొలవడానికి రాలేదు తాతా."

"మరి?"

మామగారు ఏదో చెప్పబోయాడు. వేలమంది ముందు తడబడని గొంతు ఒక్క ముసలాయన ముందు తడబడింది. ఆఖరికి పుస్తకం తెరిచి, అక్కడే గుమ్మం బయట నిలబడి, ఎడమ పేజీ పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. సభల్లో చదివినట్టు సాగదీయలేదు. ఉత్తరం చదివినట్టు చదివాడు. నది గురించి ఉంది, రేవులో వినిపించే రకరకాల ప్రార్థనల గురించి ఉంది, తల్లి పాట గురించి ఉంది. "నేల ఒక్కటి, ధర్మాలెన్నో" దగ్గరికి వచ్చేసరికి చుట్టూ పది పదిహేనుమంది చేరారు. తారు పూసే చేతులు ఆగాయి.

ఆయన చదవడం ముగించి పుస్తకం మూశాడు. ఏదో జరుగుతుందని కోడలు ఎదురు చూసింది. ఎవరైనా కళ్ళు తుడుచుకుంటారని, తాత లేచి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడని.

తాత మూసిన పుస్తకం వైపు చూశాడు.

"పెద్దాయన కూడా ఇలాగే వచ్చేవారు" అన్నాడు. "మూడు నెలలు వెనక కూర్చుని విన్నారు. మంచి మనిషి. బయటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు."

మామగారు తల దించుకున్నాడు.

"మా పిల్లలు మీ బళ్ళోనే చదివారు మేష్టారూ. పొద్దున్న అక్కడ ఒకటి చెప్పేవాళ్ళు, సాయంత్రం ఇక్కడికొచ్చి ఇంకోటి పాడేవాళ్ళు. కొన్నాళ్ళకి సాయంత్రం రావడం మానేశారు. సిగ్గట." తెడ్డు ఆనించుకుని లేచాడు. "ఇప్పుడు మీరు చదివింది మాకు తెలిసిందే బాబూ. మాకు చదివి ఏం లాభం? తెలియనివాళ్ళ దగ్గర చదవండి."

ఆ మాటలో కోపం లేదు. దారి చెప్పినట్టు చెప్పి, లోపలికి వెళ్ళిపోయాడు.

*

తిరుగుదారిలో మామగారు ముందు నడుస్తున్నాడు, పుస్తకం చంకలో పెట్టుకుని. వచ్చేటప్పటి కంటే వేగంగా నడుస్తున్నాడు. రేపు ఆయన ఏ పేజీ చదువుతాడో కోడలికి ఇప్పుడు సందేహం లేదు. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమెకి ఆకలేసింది.

పెద్దరోడ్డు మలుపులో భర్త సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికెళ్ళి, తాళం చూసి, ఎవరినో అడిగి ఇటు వచ్చాడు. ముగ్గుర్నీ, తండ్రి చంకలో పుస్తకాన్ని, వాళ్ళు నడిచొచ్చిన వీధిని చూశాడు. అతని మొహంలో రక్తం లేదు.

"సంతకం పెట్టారా నాన్నగారూ?"

"లేదురా."

అతను హ్యాండిల్ మీద చేతులు తీసి మళ్ళీ పెట్టాడు.

"మూడున్నరకి పంపేశాను" అన్నాడు. "కాగితాలు. గ్రంథం గడిలో 'లేదు' అని రాసి పంపేశాను."

కోడలు అతని వైపు చూసింది. ఎందుకని అడగలేకపోయింది. అతనే చెప్పాడు, ఎవరినీ చూడకుండా. "ఏం చెయ్యాలో రెండు రోజుల నుంచి ఈ ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. బాబాయి ఒక్కడే మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి చెప్పాడు, పంపేయమని. నాలుగింటికి మీరు సంతకం పెడుతున్నారని చెప్పాడు. మీరే పెట్టాక నేను ఆపి ఎవరికోసం అనుకున్నాను."

పక్కన ఒక బండి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళింది. దుకాణంలో ఒకాయన మామగారిని చూసి లేచి నిలబడ్డాడు. మామగారు ఆయన్ని చూడలేదు. కొడుకు దగ్గరికి వెళ్ళి సైకిలు సీటు మీద చెయ్యి వేశాడు.

"నేను నలభై ఏళ్ళు చదివానురా. నువ్వు రాసింది ఒక్క పూటేగా."

కొడుకు పెదవి కదిలింది.

"రేపు పది గంటలకి నేను చదువుతాను" అన్నాడు మామగారు. "ఆ కొలతలు వేసింది నువ్వు, ఆ గడి నింపింది నువ్వు. నేను చదివాక, అది ఎలా నింపావని నిన్ను నిలబెట్టి అడుగుతారు. ఏం చెబుతావో నేనడగను."

ఆయన ముందుకు నడిచాడు. అత్తగారు ఆయన వెనకే వెళ్ళింది. కోడలు మాత్రం సైకిలుకి ఇవతల నిలబడింది, అవతల నిలబడ్డ మనిషి ఏమైనా అంటాడేమోనని. అతను సైకిలు నడిపించుకుంటూ కదిలాడు. ఇల్లు వచ్చేదాకా ఏమీ అనలేదు.